ర్యామ్, ఎస్‌ఎస్‌డీ పెంచి అమ్మే గేమింగ్ ల్యాప్‌టాప్‌లకు అడిగినంత ధర పెట్టవచ్చా?

భద్రకాళి_చెరువుగట్టు | 2025 నవంబరు 8

సభ్యులందరికీ నమస్కారం. మాది హనుమకొండ. మా పెద్దబ్బాయి టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, సంక్రాంతికి ఇంటికి వస్తున్నాడు. బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్న తమ్ముడికి ఒక గేమింగ్ ల్యాప్‌టాప్ తేవాలనుకున్నాడు. అయితే ఆన్‌లైన్‌లో ఒకే మోడల్‌కు రెండు ధరలు కనిపించడంతో ఏది తీసుకోవాలో తేలక నన్ను అడిగాడు, నాకు తెలియక మిమ్మల్ని అడుగుతున్నాను.

మొదటిది కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టుగా అమ్ముతున్నది. అందులో ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ (ఆటల బొమ్మలు గీసే చిప్), 16 జీబీ ర్యామ్ (నడుస్తున్న పనికి వాడే మెమొరీ), 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డిస్క్) ఉన్నాయి, ధర 950 డాలర్లు. రెండోది అదే ల్యాప్‌టాప్‌ను వేరొక అమ్మకందారు తీసుకుని, ర్యామ్‌ను 64 జీబీకి, ఎస్‌ఎస్‌డీని 2 టీబీకి పెంచి, విండోస్‌లో హోమ్ రకం తీసి ప్రో రకం వేసి అమ్ముతున్నది. దాని ధర 1,499 డాలర్లు. తేడా 549 డాలర్లు, అంటే మన డబ్బులో సుమారు 48 వేల రూపాయలు. వివరాల్లో చిట్టచివర, అప్‌గ్రేడ్ కోసం మాత్రమే పెట్టె సీలు తెరిచామని ఒక వాక్యం ఉంది. పాసుపుస్తకం చూడకుండా గుంట భూమి కూడా కొనని ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. సీలు ఎవరో తెరిచిన పెట్టెకు 48 వేలు ఎక్కువ పెట్టడం న్యాయమేనా? పెడితే ఆటల్లో ఆ తేడా నిజంగా కనిపిస్తుందా?

కైలాసగిరి_165 | 2025 నవంబరు 8

చెరువుగట్టు గారూ, నమస్కారం. ఆట ఎంత సాఫీగా నడుస్తుందన్నది ముందుగా గ్రాఫిక్స్ చిప్ మీద, ఆ చిప్‌కు కంపెనీ ఎన్ని వాట్ల కరెంటు ఇచ్చిందన్న దాని మీద, పుట్టిన వేడిని ఫ్యాన్లు ఎంత బాగా బయటికి తోస్తాయన్న దాని మీద ఆధారపడుతుంది. ఈ మూడింటిలో ఒక్కదాన్ని కూడా ఆ అమ్మకందారు ముట్టుకోలేదు. ముట్టుకోవడం వీలుకాదు కూడా, ఎందుకంటే ఈ తరగతి ల్యాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ చిప్‌ను మదర్‌బోర్డు మీదే అతికించేస్తారు. అదే 4060ని దాని తయారీ సంస్థ ఎన్విడియా ల్యాప్‌టాప్‌ల కోసం 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు వేర్వేరు స్థాయిల్లో వాడుకోనిస్తుంది. పేరు ఒకటే అయినా తక్కువ వాట్లు ఇచ్చిన సన్నని ల్యాప్‌టాప్‌కూ, పూర్తి వాట్లు ఇచ్చిన మందపాటి ల్యాప్‌టాప్‌కూ ఆటలో కనిపించే తేడా, 16 జీబీకీ 64 జీబీకీ ఉండే తేడా కంటే చాలా ఎక్కువ. మీ అబ్బాయి ముందుగా చూడవలసింది ఆ వాట్ల సంఖ్యే.

రెండో సంగతి, ఆ చిప్‌కు సొంతంగా ఉన్న మెమొరీ 8 జీబీ. ల్యాప్‌టాప్‌లో 64 జీబీ ర్యామ్ పెట్టినా ఆ 8 జీబీ 8 జీబీగానే ఉంటుంది. కొత్త ఆటల్లో టెక్స్‌చర్లను (వస్తువుల పైపొర బొమ్మలను) అన్నిటికంటే ఎక్కువ నాణ్యత అయిన అల్ట్రాలో పెట్టినప్పుడు ఆట తడబడేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి, మీరు పెట్టే అదనపు డబ్బు అసలు ఇరుకైన చోటికి చేరదు.

అలాగని ర్యామ్ పెంచడమంతా వృథా అనడం కూడా తప్పే. ఈ ధరలో వచ్చే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి 16 జీబీని ఒకే స్టిక్‌గా (ర్యామ్ చిప్‌లున్న ఒకే పలకగా) పెట్టి రెండో స్లాట్‌ను ఖాళీగా వదిలేస్తారు, దానివల్ల ప్రాసెసర్‌కూ మెమొరీకీ మధ్య దారి సగమే తెరిచి ఉన్నట్టవుతుంది. నా ల్యాప్‌టాప్‌లో రెండో స్టిక్ వేశాక సెకనుకు తెర మీద కనిపించే సగటు ఫ్రేములు (బొమ్మలు) కొద్దిగానే పెరిగాయి గాని, ఒకేచోట పదిమంది ఆటగాళ్లు కలబడినప్పుడు వచ్చే కుదుపు దాదాపుగా పోయింది. కాబట్టి 16 నుంచి 32కి వెళ్లడంలో ప్రయోజనం ఉంది, 32 నుంచి 64కి వెళ్లడంలో ఆటల వరకు నాకు ఏమీ కనిపించలేదు. ఎస్‌ఎస్‌డీ సంగతికి వస్తే, ఒక్కో పెద్ద ఆట 100 జీబీ దాటుతున్న రోజుల్లో 512 జీబీ చాలదన్నది నిజమే, 1 టీబీ ఉంటే సుఖంగా ఉంటుంది.

ఇంకొక మాట. 1,500 డాలర్ల దాకా వెళ్లగలిగితే, నెలాఖరున వచ్చే బ్లాక్ ఫ్రైడే తగ్గింపుల్లో ఆర్‌టీఎక్స్ 5070 టీఐ ఉన్న ల్యాప్‌టాప్‌ల కోసం వెతకమనండి. ఆ చిప్‌కు 12 జీబీ సొంత మెమొరీ ఉంది. ర్యామ్‌ను రేపైనా వేసుకోవచ్చు, గ్రాఫిక్స్‌ను మాత్రం కొన్న రోజునే ఎంచుకోవాలి.

పార్క్‌లేన్_రిపేరు | 2025 నవంబరు 9

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పదకొండేళ్లుగా ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తున్నాను. పోయిన జూన్‌లో ఉప్పల్ నుంచి ఒక విద్యార్థి తెచ్చిన ల్యాప్‌టాప్ గురించి చెబుతాను, ఎందుకంటే అది మీరు అడిగిన రకానిదే. అమెరికాలో ఉన్న వాళ్ల బాబాయి ఆన్‌లైన్‌లో కొని పంపారు. ఆట మొదలుపెట్టిన అరగంటకు నీలి తెర వచ్చి ఆగిపోతోందని అతని ఫిర్యాదు.

బాటమ్ కవర్ తీయబోతే కుడివైపు మూలలో ఒక స్క్రూ లేదు, అంచున రెండు క్లిప్పులు అప్పటికే విరిగి ఉన్నాయి. లోపల ర్యామ్ స్లాట్లలో రెండు వేర్వేరు కంపెనీల 32 జీబీ స్టిక్‌లు ఉన్నాయి, ఒకటి 5600 వేగానిది, ఇంకొకటి 4800 వేగానిది. అలా కలిపి వేస్తే రెండూ తక్కువ వేగం దగ్గరే నడుస్తాయి, అంటే కంపెనీ ఇచ్చిన 5600 వేగం ఈ అప్‌గ్రేడ్ వల్ల 4800కి దిగిపోయింది. పాత ఎస్‌ఎస్‌డీ మీద ఉండవలసిన వేడి పీల్చే రేకు, దాని కింద చిప్ వేడిని రేకుకు చేరవేసే మెత్తని థర్మల్ ప్యాడ్ రెండూ లేవు, కొత్త ఎస్‌ఎస్‌డీ బోడిగా ఉంది. దాన్ని పట్టి ఉంచే చిన్న స్క్రూ సగమే తిరిగి ఉంది. రాత్రంతా మెమొరీ పరీక్ష నడిపితే ఒక స్టిక్‌లో తప్పులు బయటపడ్డాయి. ఆ స్టిక్ తీసేశాక ల్యాప్‌టాప్ మళ్లీ ఎప్పుడూ ఆగలేదు. కంపెనీ ఇచ్చిన అసలు ర్యామ్, అసలు ఎస్‌ఎస్‌డీ ఏమయ్యాయని అడిగితే ఆ అబ్బాయికి తెలియదు, పెట్టెలో రాలేదు.

ఈ ఒక్క కేసును చూపి అమ్మకందారులందరూ ఇంతేనని నేను అనను. చక్కగా జోడీ స్టిక్‌లు వేసి, ప్యాడ్ మార్చి పంపినవీ నా బల్ల మీదికి వచ్చాయి. కాని పని ఎలా చేశారన్నది కవర్ విప్పితే తప్ప తెలియదు, కొనేవారు ఎప్పుడూ విప్పి చూడరు. నా భయం అక్కడే.

ఎక్కాల_పుస్తకం | 2025 నవంబరు 9

లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. ఈ రోజు అమెరికా సైట్లలో నేను చూసిన ధరల ప్రకారం 64 జీబీ ల్యాప్‌టాప్ ర్యామ్ జోడీ 280 డాలర్ల చుట్టుపక్కల ఉంది, మంచి పేరున్న 2 టీబీ ఎస్‌ఎస్‌డీ 130 డాలర్లకు దొరుకుతోంది. రెండూ కలిపి 410. అమ్మకందారు అడిగే తేడా 549 కాబట్టి పైకి కనిపించే కూలి 139 డాలర్లు. అయితే ల్యాప్‌టాప్‌లోంచి తీసిన 16 జీబీ ర్యామ్‌నూ 512 జీబీ ఎస్‌ఎస్‌డీనీ అతను తిరిగి ఇవ్వకపోతే, వాటిని విడిగా అమ్ముకుంటే వచ్చే సుమారు 100 డాలర్లు కూడా అతనివే. అప్పుడు అసలు కూలి 240 దాకా పోతుంది. దీనికి పన్ను తోడవుతుంది. ఇర్వింగ్‌లో అమ్మకపు పన్ను 8.25 శాతం కాబట్టి ఆ 549 మీదే మరో 45 డాలర్లు పడుతుంది.

పైగా ఈ లెక్క 64 జీబీ మీకు అవసరం అనుకుని వేసింది. కైలాసగిరి గారు చెప్పినట్టు 32 జీబీ, 1 టీబీ చాలనుకుంటే, ఖాళీ స్లాట్‌లో ఇంకొక 16 జీబీ స్టిక్, రెండో ఎస్‌ఎస్‌డీ స్లాట్ ఉంటే అందులో ఒక 1 టీబీ వేసుకుంటే సరిపోతుంది, పాతవేవీ తీయనక్కరలేదు. ఈ రోజు ధరలో అది 160 డాలర్ల లోపు పని. మీ అబ్బాయి 950 డాలర్ల ల్యాప్‌టాప్ కొని ఈ రెండు భాగాలు విడిగా తెస్తే మొత్తం 1,110 డాలర్లవుతుంది.

తెనాలి_ఎడిటింగ్ | 2025 నవంబరు 10

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి రెండోవైపు అనుభవం కూడా ఇక్కడ ఉండాలని రాస్తున్నాను. నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. రెండేళ్ల కిందట ఇలాగే అప్‌గ్రేడ్ చేసి అమ్మే ఒక అమ్మకందారు దగ్గర 64 జీబీ ల్యాప్‌టాప్ కొన్నాను, ఈ రోజు వరకు నన్ను ఇబ్బంది పెట్టలేదు. నాలుగు కెమెరాల 4కే దృశ్యాలను ఒకే టైమ్‌లైన్ మీద పరిచినప్పుడు 32 జీబీ నిండిపోవడం నేను కళ్లారా చూశాను, కాబట్టి నాకు 64 వృథా కాదు. ముహూర్తాల నెలల్లో స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చునే తీరిక నాకు లేదు, పొరపాటున ఏదైనా విరిగితే ఆ వారం డెలివరీలు ఆగిపోతాయి. ఆ నిశ్చింతకు నేను డబ్బు ఇచ్చాను, ఇచ్చినందుకు విచారం లేదు.

అయితే నేను కొన్న మనిషి బిల్లులో ల్యాప్‌టాప్ ధర వేరుగా, ర్యామ్ ధర వేరుగా, ఎస్‌ఎస్‌డీ ధర వేరుగా రాశారు, వేసిన భాగాల సీరియల్ నంబర్లు కూడా రాశారు. తీసిన పాత భాగాలను చిన్న కవర్లో పెట్టి అదే పెట్టెలో పంపారు. అమ్మే మనిషి పనితనం మీద నాకు నమ్మకం కుదిరింది ఆ కవర్ చూశాకే. చెరువుగట్టు గారూ, కొనేముందు మీ అబ్బాయి చేత ఈ ఒక్క ప్రశ్న అడిగించండి, తీసిన భాగాలు తిరిగి ఇస్తారా అని.

పార్క్‌లేన్_రిపేరు | 2025 నవంబరు 10

తెనాలి వారు చెప్పిన కవర్ పరీక్ష నాకు చాలా నచ్చింది. దానికొక సాంకేతిక కారణం కూడా ఉంది. వారంటీ కింద సర్వీస్ సెంటర్‌కు ఇచ్చేటప్పుడు అసలు భాగాలు తిరిగి వేసి ఇస్తే, లోపం బయటి ర్యామ్ వల్ల వచ్చిందన్న వాదనకే చోటుండదు.

ఇర్వింగ్_నివాసి | 2025 నవంబరు 11

మీ పెద్దబ్బాయి ఉన్న ఊళ్లోనే ఉంటున్నాను. మూడేళ్ల కిందట నేను ఇలాంటిదే కొన్నాను. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ బాగానే ఉన్నాయి, దెబ్బ తగిలింది రెండు ఊహించని చోట్ల.

మొదటిది విండోస్. ల్యాప్‌టాప్‌తో కంపెనీ ఇచ్చే విండోస్ హోమ్ లైసెన్సు మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే (బోర్డు మీది చిప్‌లో శాశ్వతంగా ఉండే ప్రోగ్రాంలోనే) దాచి ఉంటుంది. దాని మీద ఆ అమ్మకందారు వేసిన ప్రో, పెద్ద సంస్థలకు వందల కంప్యూటర్ల కోసం ఇచ్చే వాల్యూమ్ లైసెన్సు రకానిది. ఎనిమిది నెలల తర్వాత ఒక ఉదయం తెర మూలలో విండోస్‌ను యాక్టివేట్ చేయమన్న అక్షరాలు ప్రత్యక్షమయ్యాయి. అమ్మకందారుకు రాస్తే జవాబు లేదు. చివరికి మైక్రోసాఫ్ట్ సైటు నుంచి విండోస్‌ను పెన్‌డ్రైవ్‌లోకి దించుకుని, డిస్క్ అంతా తుడిచి కొత్తగా వేస్తే, ఫర్మ్‌వేర్‌లోని హోమ్ లైసెన్సు తనంతట తానే యాక్టివేట్ అయింది. నేను ఇచ్చే సలహా ఏమిటంటే, అప్‌గ్రేడ్ చేసిన ల్యాప్‌టాప్ ఎవరి దగ్గర కొన్నా మొదటి రోజే ఈ పని చేయండి. కొత్త ఎస్‌ఎస్‌డీలో ఎవరో వేసిన విండోస్‌లో ఇంకేమి ఉందో మనకు తెలియదు, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మనం కొట్టేది అందులోనే కదా. విండోస్ ప్రో మాటకు విలువ సున్నా వేసుకుని ధర చూడండి, విద్యార్థికి హోమ్ చాలు.

రెండోది వారంటీ తేదీ. కంపెనీ సైటులో సీరియల్ నంబరు కొట్టి చూస్తే నా ఏడాది వారంటీ నేను కొనడానికి నాలుగు నెలల ముందే మొదలైంది. అమ్మకందారు ఆ ల్యాప్‌టాప్‌ను తగ్గింపులో ముందే కొని నిల్వ చేసుకున్నాడన్నమాట. కొత్తదాని ధర ఇచ్చి ఎనిమిది నెలల వారంటీ తెచ్చుకున్నాను.

ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. పెద్ద సైట్లలో చాలా వస్తువులకు 30 రోజుల లోపల వాపసు ఇచ్చే వీలుంటుంది. కాబట్టి ప్రయాణానికి ముందురోజు కాకుండా, కనీసం మూడు వారాల ముందే తెప్పించుకుని, ఇక్కడే పరీక్షించి, తేడా ఉంటే ఇక్కడే తిరిగి ఇచ్చేయమనండి. హనుమకొండ చేరాక బయటపడిన లోపానికి ఆ వాపసు వల్ల ఉపయోగం లేదు.

నాంపల్లి_వకీలు | 2025 నవంబరు 12

సీలు విప్పితే కంపెనీ వారంటీ పోతుందా అన్న సందేహానికి జవాబు దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, తాము చెప్పిన భాగాలే వాడాలని, తమ దగ్గరే బాగుచేయించాలని షరతు పెట్టి వారంటీని దానితో ముడివేయడం సాధారణంగా చెల్లదు. ఇలాంటి వారంటీ షరతుల మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018 ఏప్రిల్‌లో ఆరు సంస్థలకు, 2024 జులైలో మరో ఎనిమిది సంస్థలకు హెచ్చరిక లేఖలు పంపింది. అయితే బయటి భాగం వల్లనే, లేదా దాన్ని బిగించిన తీరు వల్లనే లోపం వచ్చిందని తేలితే ఆ లోపాన్ని కంపెనీ భరించనక్కరలేదు. భాగాలు మార్చింది మీరు కాకపోయినా ఆ నష్టం మీకే చుట్టుకుంటుంది.

మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టం 2019, దాని కింద వచ్చిన 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు ఉన్నాయి, 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. కాని టెక్సాస్‌లో డాలర్లు చెల్లించి కొన్న వస్తువుకు, అక్కడి అమ్మకందారు మీద, హనుమకొండలో కూర్చుని ఈ దారిలో న్యాయం పొందడం ఆచరణలో జరిగే పని కాదు. ఇక కంపెనీ వారంటీ భారతదేశంలో చెల్లుతుందా అన్నది బ్రాండునూ మోడల్‌నూ బట్టి ఉంటుంది. కొన్ని కంపెనీలు కొన్న దేశానికే పరిమితం చేస్తాయి, కొన్ని అంతర్జాతీయ వారంటీ ఇస్తాయి. కొనేముందే కంపెనీ సైటులో ఆ మోడల్ పేరుతో చూసుకోవాలి.

అందరూ మరిచిన విషయం ఒకటుంది, అది కస్టమ్స్. 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. మీ పెద్దబ్బాయి తన ఆఫీసు ల్యాప్‌టాప్ కూడా సంచిలో పెట్టుకుని వస్తే, తమ్ముడి కోసం తెచ్చేది రెండోదవుతుంది. అప్పుడు, ఈ 2025 నాటి నియమాల ప్రకారం, అది 50,000 రూపాయల సాధారణ మినహాయింపులోకి వస్తుంది, దాన్ని మించిన విలువ మీద 38.5 శాతం సుంకం పడుతుంది. 950 డాలర్ల ల్యాప్‌టాప్ మీద అది సుమారు 13 వేలు, 1,499 డాలర్ల దాని మీద 31 వేల పైచిలుకు. అమ్మకందారు వేసుకున్న కూలి మీద కూడా మీరు సుంకం కడతారన్నమాట.

భద్రకాళి_చెరువుగట్టు | 2025 నవంబరు 13

మీ అందరికీ కృతజ్ఞతలు. పెద్దబ్బాయి ఆ 1,499 డాలర్ల అమ్మకందారుకు నాలుగు ప్రశ్నలు రాశాడు. వేసిన ర్యామ్ ఏ కంపెనీది, ఎస్‌ఎస్‌డీ మోడల్ ఏమిటి, తీసిన భాగాలు ఇస్తారా, వారంటీ ఏ తేదీ నుంచి అని అడిగితే, తాము నాణ్యమైన భాగాలే వాడతామని, పెంచిన భాగాలకు ఏడాది వారంటీ తామే ఇస్తామని మాత్రమే జవాబు వచ్చింది. ఒక్క పేరు కూడా చెప్పలేదు. ఆ ల్యాప్‌టాప్‌ను వదిలేశాం. చిన్నవాడు మాత్రం 950 డాలర్లదే తెప్పిస్తే ర్యామ్ తానే వేసుకుంటానంటున్నాడు. వాడి చేతికి ఇవ్వవచ్చా?

పార్క్‌లేన్_రిపేరు | 2025 నవంబరు 13

నిస్సందేహంగా ఇవ్వవచ్చు. అలవాటు లేని చేతికి కూడా అరగంట పని. ల్యాప్‌టాప్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, కవర్ స్క్రూలను విప్పిన వరుసలోనే ఒక కాగితం మీద పేర్చుకోమనండి, ఎందుకంటే కొన్ని పొడవు, కొన్ని పొట్టి ఉంటాయి. పొడవుది పొట్టిదాని రంధ్రంలో బిగిస్తే కీబోర్డు వైపు పొడుచుకు వస్తుంది. అంచు విప్పడానికి ఇనుప పనిముట్లు వద్దు, పాత ఏటీఎం కార్డు చాలు. కవర్ తీయగానే అన్నిటికంటే ముందు బ్యాటరీ కేబుల్‌ను దాని సాకెట్ నుంచి తీసెయ్యాలి, ఈ ఒక్కటి మరిస్తేనే బోర్డు కాలే ప్రమాదం. ర్యామ్ స్టిక్‌ను స్లాట్‌లోకి ఏటవాలుగా దూర్చి, బంగారు రంగు అంచు దాదాపు కనిపించనంతగా లోపలికి పోయాక కిందికి నొక్కితే, రెండు పక్కలా ఉన్న ఇనుప కొక్కేలు టక్కుమని పడతాయి. ఒకవైపే పడితే అది కూర్చున్నట్టు కాదు, తీసి మళ్లీ పెట్టాలి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఈ కొత్త తరం (డీడీఆర్5) ర్యామ్‌ను గుర్తించడానికి తెర ఒకటి రెండు నిమిషాలు నల్లగా ఉండవచ్చు. కంగారుపడి ఆపవద్దు.

ఎక్కాల_పుస్తకం | 2025 డిసెంబరు 4

గత నెల 9న నేను వేసిన లెక్కను నేనే సవరించుకోవలసి వస్తోంది. ఏఐ డేటా సెంటర్లు మెమొరీ చిప్‌లను పెద్దమొత్తంలో కొనేస్తుండటంతో ర్యామ్ ధరలు వారం వారం పెరుగుతున్నాయి. నిన్న, డిసెంబరు 3న, మెమొరీ చిప్‌లు తయారుచేసే మైక్రాన్ సంస్థ 'క్రూషల్' పేరుతో మామూలు కొనుగోలుదారులకు అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు, ఆ సరుకు 2026 ఫిబ్రవరి వరకే పంపిస్తామని ప్రకటించింది. నేను 160 డాలర్ల లోపు అని రాసిన పని, ఈ రోజు 16 జీబీ స్టిక్‌కే 130, 1 టీబీ ఎస్‌ఎస్‌డీకి 90 చూపిస్తూ 220కి చేరింది.

దీనివల్ల విచిత్రమైన పరిస్థితి వచ్చింది. పాత ధరకు ర్యామ్ కొని నిల్వ పెట్టుకున్న అమ్మకందారులు ఇంకా పాత తేడాతోనే కొన్ని ల్యాప్‌టాప్‌లు అమ్ముతున్నారు. అదే మోడల్ ఇప్పుడు కంపెనీ ఇచ్చినట్టుగా 999 డాలర్లు ఉంది. వేరొక అమ్మకందారు 32 జీబీ, 1 టీబీ వేసి 1,129కి పెట్టాడు. తేడా 130 డాలర్లే. విడిగా కొంటే 220 అయ్యే భాగాలు 130కి, కూలి లేకుండా వస్తున్నాయి. ధర ఎక్కువా తక్కువా అన్నది అమ్మే పద్ధతిని బట్టి చెప్పలేం, ఆ రోజు భాగాల ధర పక్కన పెట్టి చూడాల్సిందే. ఆ వివరాల్లో పాత ఎస్‌ఎస్‌డీ పెట్టెలోనే ఇస్తామని కూడా రాసి ఉంది. చెరువుగట్టు గారూ, మీ అబ్బాయి ఇంకా కొనకపోతే దీన్ని ఒకసారి చూడమనండి.

కైలాసగిరి_165 | 2025 డిసెంబరు 4

చూశాను. ఆ మోడల్‌కు 115 వాట్లు ఇచ్చారు, ర్యామ్ స్లాట్లు రెండున్నాయి. నా అభ్యంతరం ఏమీ లేదు. రెండు స్టిక్‌లు ఒకే వేగానివా అన్నది సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాంలో ఎస్‌పీడీ పేజీ తెరిచి ఒక్కో స్లాట్ వివరాలు చూస్తే తెలిసిపోతుంది. ఎస్‌ఎస్‌డీ కొత్తదా వాడినదా అన్నది క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే మరో ఉచిత ప్రోగ్రాంలో చూడమనండి, అది ఎన్ని గంటలు ఆన్‌లో ఉంది, దాని మీద ఎంత డేటా రాశారు అన్నవి రెండూ చూపిస్తుంది. పదుల గంటలు దాటి ఉంటే తిరిగి ఇచ్చేయాలి.

భద్రకాళి_చెరువుగట్టు | 2026 జనవరి 18

పండగ హడావిడిలో ఆలస్యమైంది, మన్నించాలి. పెద్దబ్బాయి ఆ 1,129 డాలర్లదే డిసెంబరు 6న కొన్నాడు. పన్నుతో 1,222 డాలర్లయింది. కొనేముందు అడిగిన నాలుగు ప్రశ్నలకూ ఈ అమ్మకందారు భాగాల పేర్లతో సహా జవాబు ఇచ్చాడు, పాత ఎస్‌ఎస్‌డీ చెప్పినట్టే చిన్న కవర్లో వచ్చింది. ఇర్వింగ్ వారు చెప్పినట్టు అక్కడే మూడు వారాలు వాడి చూశాడు. వకీలు గారి మాట విని ఆఫీసు ల్యాప్‌టాప్‌ను అక్కడే వదిలి, ఇది ఒక్కటే చేతిసంచిలో తెచ్చాడు, శంషాబాద్‌లో ఎవరూ ఏమీ అడగలేదు. చార్జర్ మనకరెంటుకు పనిచేసేదే, గోడకు పెట్టే కేబుల్ మాత్రం మార్చాం.

స్టిక్‌లు రెండూ ఒకే కంపెనీవి, రెండూ 5600. ఎస్‌ఎస్‌డీ గంటలు అక్కడ తెరిచిన రోజున మూడు చూపించిందట. కంపెనీ సైటులో వారంటీ మాత్రం అక్టోబరు 14 నుంచే మొదలై ఉంది, అంటే దాదాపు రెండు నెలలు పోయాయి. దాని గురించి రాస్తే అమ్మకందారు 25 డాలర్లు వాపసు ఇచ్చాడు.

భోగి మరునాడు చిన్నవాడు కవర్ విప్పుతానన్నాడు. స్క్రూలను కాగితం మీద వరుసగా పేర్చి, మీరు చెప్పినట్టే ముందు బ్యాటరీ కేబుల్ తీశాడు. కొత్త ఎస్‌ఎస్‌డీ మీద రేకు ఉంది గాని దాని కింద థర్మల్ ప్యాడ్ లేదు, రేకుకూ చిప్‌కూ మధ్య గోరు పట్టేంత సందు కనిపించింది. హనుమకొండ చౌరస్తాలోని ఒక దుకాణంలో ప్యాడ్ తెచ్చి, కత్తెరతో సరిపడా కత్తిరించి పెట్టాడు. పాత 512 జీబీ ఎస్‌ఎస్‌డీని పక్కనే ఖాళీగా ఉన్న రెండో స్లాట్‌లో బిగించాడు. ప్యాడ్ పెట్టకముందు ఆట ఆడేటప్పుడు ఎస్‌ఎస్‌డీ వేడి 81 డిగ్రీలు చూపిస్తుండేది, ఇప్పుడు 66 దగ్గర ఆగుతోంది. పార్క్‌లేన్ గారూ, రెండో స్లాట్‌లోని పాత ఎస్‌ఎస్‌డీకి కూడా ప్యాడ్ పెట్టాలా అని వాడు అడగమన్నాడు. దాని మీద రేకు లేదు.

పార్క్‌లేన్_రిపేరు | 2026 జనవరి 18

విండోస్ నడిచేది దాని మీద నుంచి కాదు కాబట్టి, ఆటలు దాచుకోవడానికే వాడితే అంత వేడెక్కదు. అయినా బాటమ్ కవర్ లోపలివైపు సరిగ్గా ఆ స్లాట్ ఎదురుగా ఇనుప రేకు ఉందేమో చూడమనండి. ఉంటే ఒక ప్యాడ్ పెడితే వేడి ఆ రేకులోకి పోతుంది. ప్యాడ్ మందం ఎక్కువైతే కవర్ బిగించినప్పుడు ఎస్‌ఎస్‌డీ వంగుతుంది, కాబట్టి ముందు సందు ఎంత ఉందో కొలవమనండి.